మన రోడ్లకు డబ్బు ఎక్కడిది, మరమ్మతులకు ఎందుకు చాలదు: తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు మొదలై రోడ్లు గుంతలు పడగానే ఈ ప్రశ్నలు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో రోడ్లు, వంతెనలు, బస్సులు ఎవరి డబ్బుతో నడుస్తున్నాయో, వాటి బాగోగులు ఎవరి బాధ్యతో ఇక్కడ వివరంగా చెప్పే ప్రయత్నం చేశాం. తెలంగాణలోని చట్టాలూ శాఖల ఏర్పాటూ చాలావరకు ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చినవే కాబట్టి అవసరమైన చోట అక్కడి సంగతులు కూడా చేర్చాం.

మా ఊరి మీదుగా పోయే రోడ్డు ఎవరిదో ఎలా తెలుస్తుంది?

ముందు రోడ్డు పక్కన ఉన్న కిలోమీటరు రాయిని చూడండి. రాయి తల పసుపు రంగులో ఉంటే అది జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ రంగులో ఉంటే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వంటి పథకం కింద వేసిన పల్లె రోడ్డు. జిల్లా రోడ్ల రాళ్లకు నలుపు గానీ నీలం గానీ ఉంటుంది.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం జాతీయ రహదారులు కేంద్రం జాబితాలో, మిగిలిన రోడ్లన్నీ రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. రాష్ట్ర రహదారులనూ ప్రధాన జిల్లా రోడ్లనూ రోడ్లు భవనాల శాఖ చూస్తుంది. పల్లెలను కలిపే రోడ్లు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగం కిందికి, పట్టణ వీధులు మునిసిపాలిటీ కిందికి వస్తాయి. చిక్కంతా హద్దుల దగ్గరే ఉంది. ఊరి మధ్య నుంచి పోయే రోడ్డు రోడ్లు భవనాల శాఖదైతే, దాని పక్కన ఉన్న మురుగు కాలువ పంచాయతీది కావచ్చు. కాలువ పూడిపోయి నీళ్లు రోడ్డెక్కితే, తప్పు తమది కాదని ఇద్దరూ అనగలరు, ఆ ఇద్దరి మాటా కాగితం మీద నిజమే అవుతుంది. అందుకే రోడ్డు ఎవరిదో ముందుగా తేల్చుకోకుండా ఇచ్చిన అర్జీ ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకు తిరుగుతూనే ఉంటుంది.

బండి కొన్నప్పుడు లైఫ్ టాక్స్ కట్టాను, పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ పన్ను కడుతున్నాను. ఆ డబ్బు రోడ్లకే వెళ్తుందా?

నేరుగా వెళ్లదు. ఎక్కువ మందికి తెలియని సంగతి ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

వాహనాల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రానిది. సొంత కార్లకు, మోటార్ సైకిళ్లకు కొన్నప్పుడే ఒక్కసారి లైఫ్ టాక్స్ కడతాం. లారీల వంటి రవాణా వాహనాలకు మూడు నెలలకోసారి పన్ను ఉంటుంది. పాతబడిన బండ్ల మీద హరిత పన్ను కూడా ఉంది. పెట్రోలు, డీజిల్ జీఎస్టీ పరిధిలోకి రాలేదు కాబట్టి వాటి మీద రాష్ట్రాలు ఇప్పటికీ వ్యాట్ వసూలు చేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్‌కు తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, దాని పైన 1 రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్ (ఒక ప్రత్యేక పని పేరు చెప్పి వేసే పన్ను) ఉండగా, తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం.

ఇలా వచ్చిన పన్ను రాష్ట్ర సంచిత నిధిలో కలిసిపోతుంది. అక్కడికి చేరాక ఏ రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు ఉండదు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సంక్షేమ పథకాలు, ఆస్పత్రులు, బడులు, రోడ్లు అన్నీ ఆ నిధి నుంచే పంచుకోవాలి. బండి పన్ను కట్టాం కాబట్టి రోడ్డు బాగుండాలని అడగడం న్యాయమే అయినా, చట్టం ప్రకారం ఆ రెండింటికీ నేరుగా ముడి లేదు.

ఒక్క రోడ్డు సెస్ మాత్రం కొంత వేరు. 2020 సెప్టెంబరులో రోడ్ల పేరు చెప్పి ఆ లీటరుకు రూపాయిని విధించారు, దాన్ని చూపించి రాష్ట్ర రోడ్డు అభివృద్ధి సంస్థ ద్వారా బ్యాంకు అప్పు తెచ్చారు. రేపు పోయించుకోబోయే పెట్రోలు మీద వచ్చే డబ్బును ఇవాళే రోడ్డు మీద పెట్టడం అన్నమాట. పాడైన రోడ్లను ఆగకుండా బాగుచేయడానికి అది పనికొచ్చే పద్ధతే అయినా, అప్పు తీరేదాకా ఆ రూపాయిలో ఎక్కువ భాగం పాత పనికే పోతుందని గుర్తుపెట్టుకోవాలి.

కేంద్రం కూడా పెట్రోలు మీద రోడ్డు సెస్ వసూలు చేస్తోంది కదా, అందులో మన వాటా ఎంత?

కేంద్రం వసూలు చేసే పన్నుల్లో పంచదగిన మొత్తం నుంచి 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. 2021-26 కాలానికి అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణ వాటా 2.102 శాతం. అయితే సెస్‌లూ సర్‌చార్జీలూ ఆ పంపకంలోకి రావు. పెట్రోలు, డీజిల్ మీద కేంద్రం వేసే రోడ్డు, మౌలిక వసతుల సెస్ ఆ కోవలోదే.

ఆ సెస్ కేంద్ర రోడ్డు, మౌలిక వసతుల నిధికి చేరుతుంది. 2000 నాటి చట్టంతో ఏర్పడిన కేంద్ర రహదారి నిధికే 2018 సవరణతో ఆ పేరు వచ్చింది. జాతీయ రహదారులు, గ్రామ సడక్ యోజన, రైల్వే పనులకు పోగా కొంత భాగం రాష్ట్ర రోడ్లకు వస్తుంది. ఆ వాటాను రాష్ట్ర విస్తీర్ణాన్నీ ఇంధన వినియోగాన్నీ చూసి నిర్ణయిస్తారు. కానీ రాష్ట్రం తన ఇష్టమొచ్చిన చోట ఖర్చు పెట్టుకోవడానికి వీల్లేదు. పనుల జాబితాను ఢిల్లీకి పంపి, కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఆమోదం పొందాకే మొదలుపెట్టాలి.

టోల్ గేటు దగ్గర కట్టే డబ్బు ఎవరికి పోతుంది?

జాతీయ రహదారి మీదైతే జాతీయ రహదారుల సంస్థకు గానీ, ఆ రోడ్డును ఒప్పందం మీద కట్టి నడుపుతున్న కంపెనీకి గానీ పోతుంది, రాష్ట్ర ఖజానాకు రాదు. 2008 నాటి ఫీజు నిబంధనల ప్రకారం ఒకే దారిలో రెండు టోల్ ప్లాజాల మధ్య మామూలుగా 60 కిలోమీటర్ల దూరం ఉండాలి. 24 గంటల్లో తిరిగి వస్తే రానుపోను కలిపి ఒకటిన్నర రెట్లు కడితే సరిపోతుంది, ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవారి సొంత వాహనాలకు నెలవారీ పాస్ ఉంటుంది. ఈ పాస్ సంగతి చాలా ఊళ్లలో తెలియదు, అడిగి తీసుకోండి.

రాష్ట్రాలు కూడా టోల్ వేయవచ్చు. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు అలాంటిదే. 2023లో దాని టోల్ వసూలునూ నిర్వహణనూ 30 ఏళ్ల పాటు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించి, ప్రభుత్వం 7,380 కోట్ల రూపాయలు ఒకేసారి తీసుకుంది. ముప్పై ఏళ్ల రాబడిని ఒక్క ఏడాదిలో చేతికి తీసుకోవడం వల్ల ఆ ఏడాది బడ్జెట్‌కు ఊరట కలిగినా, ఆ తరువాత ఇరవై తొమ్మిదేళ్లు ఆ రోడ్డు మీద వచ్చే డబ్బు మీద ఆశ వదులుకోవాలి. అలాంటి ఒప్పందం మంచిదా కాదా అన్నది ఆ సొమ్మును దేనికి వాడారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ ప్రశ్న అడిగే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది.

రోడ్ల కోసం రాష్ట్రం ఎవరి దగ్గర అప్పు తెస్తుంది?

ముఖ్యమైనది నాబార్డు, అంటే వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు. వ్యవసాయం వంటి ప్రాధాన్య రంగాలకు ఇవ్వాల్సినంత రుణం ఇవ్వలేకపోయిన బ్యాంకులు ఆ మేరకు డబ్బును నాబార్డు దగ్గర జమ చేస్తాయి. ఆ సొమ్ముతో 1995-96లో మొదలైన గ్రామీణ మౌలిక వసతుల అభివృద్ధి నిధి నుంచి రాష్ట్రాలు పల్లె రోడ్లకు, వంతెనలకు తక్కువ వడ్డీకి అప్పు తీసుకుంటాయి. విదేశీ సంస్థల రుణాలూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ పల్లె రోడ్ల కోసం ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు 2018లో 45.5 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. మండల కేంద్రాలను కలిపే రోడ్లకూ, పాత వంతెనల పునర్నిర్మాణానికీ బ్రిక్స్ దేశాల న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు రుణం ఇచ్చింది. ఇవి కాక, 2020-21 నుంచి కేంద్రం మూలధన పనులకు 50 ఏళ్ల గడువుతో వడ్డీ లేని రుణం ఇస్తోంది.

విదేశీ బ్యాంకు రుణంలో రాష్ట్రం కూడా తన వంతు డబ్బు వేయాలి. ఆ వంతు సమయానికి విడుదల కాకపోతే మంజూరైన రుణం కూడా కదలదు.

పల్లె రోడ్ల సంగతి ఏమిటి?

2000 డిసెంబరు 25న మొదలైన గ్రామ సడక్ యోజన, మైదాన ప్రాంతాల్లో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది జనాభా ఉన్న ప్రతి ఆవాసానికీ అన్ని కాలాల్లోనూ నడిచే రోడ్డు ఉండాలన్న లక్ష్యం పెట్టుకుంది. మొదట మొత్తం ఖర్చు కేంద్రానిదే. 2015-16 నుంచి కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తున్నాయి. 62,500 కిలోమీటర్ల లక్ష్యంతో నాలుగో దశకు 2024 సెప్టెంబరులో ఆమోదం లభించింది.

ఈ పథకంలో మెచ్చుకోదగ్గది ఒకటి ఉంది. రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు దాని బాగోగులు చూడాలని ఒప్పందంలోనే రాస్తారు. రోడ్డు మొదట్లో నాటిన బోర్డు మీద పని పేరు, పొడవు, ఖర్చు, కాంట్రాక్టరు పేరు, నిర్వహణ గడువు ఉంటాయి. ఆ బోర్డును దాటిపోతూ ఎప్పుడైనా ఆగి చదవండి, ఆ రోడ్డు మీద ఎవరిని నిలదీయాలో దాని మీదే రాసి ఉంటుంది.

ఊరి లోపల కనిపించే సిమెంటు రోడ్లలో చాలా వాటి వెనుక మరో కథ ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద కూలి ఖర్చు 60 శాతానికి తగ్గకుండా ఉండాల్సి ఉండేది, మిగిలిన 40 శాతం దాకా సామగ్రికి వాడుకునే వీలుండేది. కూలీలు ఎండలో చెరువు మట్టి తవ్వితే దాని లెక్క మీద వచ్చిన సామగ్రి వాటాతోనే వీధిలో సిమెంటు రోడ్డు పడింది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో పల్లె పండుగ పేరుతో మొదలైన ఊరి పనులకు ఆధారం కూడా అదే.

కొత్త రోడ్డు వేయడానికి ఉండే డబ్బు, ఉన్న రోడ్డు బాగుచేయడానికి ఎందుకు ఉండదు?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

రాష్ట్ర బడ్జెట్ పుస్తకం తెరిస్తే రోడ్లు, వంతెనలకు రెండు పద్దులు కనిపిస్తాయి. 5054 అన్నది మూలధన వ్యయం, అంటే కొత్త రోడ్లు, వెడల్పు పనులు, వంతెనలు. 3054 అన్నది రెవెన్యూ వ్యయం, ప్యాచ్ వర్క్ నుంచి రోడ్డు అంచులు సరిచేయడం దాకా రోజువారీ నిర్వహణ అంతా దాని కిందే ఉంటుంది.

ఇప్పుడు పైన చెప్పిన రుణాలన్నీ ఒకసారి గుర్తుచేసుకోండి. నాబార్డు రుణం, విదేశీ బ్యాంకుల రుణం, కేంద్రం ఇచ్చే వడ్డీ లేని రుణం, అన్నీ 5054 వైపే మొగ్గుతాయి, ఎందుకంటే అప్పు ఇచ్చేవారికి తిరిగి చూపించడానికి ఒక ఆస్తి కావాలి. 3054కు మాత్రం రాష్ట్రం సొంత రాబడి ఒక్కటే దిక్కు. ఆ రాబడిలో జీతాలు, పింఛన్లు, వడ్డీలు, పథకాలు ముందే తమ వాటా తీసేసుకుంటాయి. వాటిలో ఏది ఆగినా మర్నాడే గొడవ మొదలవుతుంది, గుంత పూడ్చడం ఆరు నెలలు వాయిదా పడితే మాత్రం ఏ ఫైలూ అరవదు. శంకుస్థాపనకు శిలాఫలకం ఉంటుంది కానీ కల్వర్టులో పూడిక తీసినందుకు ఎవరూ రిబ్బను కత్తిరించరు. అందువల్ల డబ్బు బిగుతుగా ఉన్న ప్రతి ఏడాదీ ముందుగా కోత పడేది ఈ పద్దుకే.

ఆ కోత పొదుపు కాదు. తారు పై పొర పాతబడిన దశలో దాని మీద కొత్త పొర ఒకటి వేస్తే రోడ్డు మళ్లీ కొన్నేళ్లు నిలుస్తుంది. ఆ అదను దాటి నీళ్లు కింది కంకర పొరలోకి దిగాక మొత్తం తవ్వి మళ్లీ కట్టాలి, అప్పుడయ్యే ఖర్చు మొదటిదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా అలా తిరగకట్టే పనిని మూలధన పద్దులో చూపించి దానికి అప్పు తేవచ్చు. నిర్వహణకు పది రూపాయలు దొరకని రోడ్డుకే పునర్నిర్మాణం పేరుతో వంద రూపాయల అప్పు దొరికే ఈ లెక్క మారనంత కాలం, ఎన్ని కొత్త నిధులు తెచ్చినా మన రోడ్లు ఐదేళ్లకోసారి పుట్టి చస్తూనే ఉంటాయి. 2024 నవంబరు 2న అనకాపల్లి జిల్లాలో మొదలుపెట్టిన గుంతల పూడ్చివేత కార్యక్రమం అవసరమైనదే. అయితే అలాంటి పని ఒక ఉద్యమంలా కాక, ఏటా వానలకు ముందూ తరువాతా జరిగే మామూలు పనిగా ఉండాలి.

వేసిన ఏడాదికే రోడ్డు ఎందుకు గుంతలు పడుతుంది?

ఎక్కువసార్లు కారణం నీళ్లే. మంచి రోడ్డు నడుమ కొంచెం ఎత్తుగా, రెండు వైపులా వాలుగా ఉంటుంది. వాన నీరు అంచుల మీదుగా పక్క కాలువలోకి జారిపోవాలి. కొన్నేళ్లకు అంచుల్లో మట్టి పేరుకుని, గడ్డి మొలిచి, రోడ్డు కన్నా ఎత్తుగా తయారవుతుంది. అప్పుడు నీరు పోయే దారి లేక రోడ్డు మీదే నిలుస్తుంది. తారులో సన్నగా చీలిన పగుళ్లలోంచి అది కిందికి దిగుతుంది, పైన లారీ చక్రం నొక్కిన ప్రతిసారీ లోపలి నీరు ఒత్తిడికి పగుళ్లలోంచి పైకి చిమ్ముతూ కంకర మధ్య ఉన్న సన్నని పొడిని బయటికి తెస్తుంది. వాన వెలిశాక పగుళ్ల చుట్టూ బూడిద రంగులో ఎండిన మరకలు కనిపిస్తే, ఆ చోట గుంత తయారవుతోందని అర్థం. గుంటూరు, ప్రకాశం, కర్నూలు జిల్లాల్లోని నల్లరేగడి నేలల్లో ఇంకో సమస్య ఉంది. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుని, పైన ఉన్న రోడ్డును కూడా చీలుస్తుంది.

గుంత పూడ్చే తీరు కూడా చూడాలి. పాడైన చోటును నలుచదరంగా కోసి, మట్టీ నీళ్లూ తీసి, అంచులకు తారు పూసి, వేడి మిశ్రమం నింపి రోలరు తిప్పాలి. తడి గుంతలో నాలుగు తట్టల కంకర పోసి పైన తారు చల్లి వెళ్లిపోతే, అది పట్టుమని పది రోజులు కూడా ఉండదు.

లారీల అధిక బరువు వల్ల నిజంగా అంత నష్టమా?

నిజంగానే అంత నష్టం. ఇరుసు మీద బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు జరిగే నష్టం సుమారు ఆ నిష్పత్తి నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుందని రోడ్డు ఇంజనీర్లు లెక్కకట్టారు. అంటే బరువు రెండింతలైతే నష్టం పదహారు రెట్లు. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. బరువు పెరిగింది ఎనిమిదో వంతే, నష్టం మాత్రం ఆ లెక్కన 60 శాతం దాకా పెరుగుతుంది. ఇది చట్టం ఒప్పుకున్న బరువు సంగతి. ఇసుక, గ్రానైటు, కంకర మోసే లారీలు ఆ పరిమితిని దాటితే, పల్లె అవసరాలకు వేసిన రోడ్డు ఒక్క సీజనులోనే అయిపోతుంది. క్వారీ నుంచి వచ్చే రాబడిలో కొంత భాగం ఆ లారీలు తిరిగే రోడ్డు నిర్వహణకు తప్పనిసరిగా కేటాయించాలని మా అభిప్రాయం.

టెండరు పిలిచినా కాంట్రాక్టర్లు రావడం లేదంటారు, ఎందుకు?

పాత బిల్లులు రాకపోవడం వల్ల. చేసిన పనిని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో రాస్తారు, పై అధికారి సరిచూస్తారు, బిల్లు ఖజానాకు వెళ్తుంది. అక్కడ అది నెలల తరబడి ఆగితే కాంట్రాక్టరు వడ్డీకి తెచ్చిన డబ్బు మునిగిపోతుంది. తరువాతి టెండరుకు అతను రాడు, వస్తే ఆ ఆలస్యపు వడ్డీని కూడా ధరలో కలుపుకుంటాడు. లేదా అంచనా కన్నా బాగా తక్కువకు కోట్ చేసి, తారు మందంలో దాన్ని రాబట్టుకోవాలని చూస్తాడు. ఎలా చూసినా ఆ భారం చివరికి రోడ్డు మీదే పడుతుంది.

ఆర్టీసీ బస్సులకు డబ్బు ఎవరిస్తారు? ఉచిత ప్రయాణం ఖర్చు ఎవరిది?

నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో మొదలైన ప్రజా రవాణా, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా రూపుదిద్దుకుంది. టికెట్ల రాబడి, సరుకు రవాణా, స్థలాల అద్దెలు సంస్థ సొంత ఆదాయం. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సంస్థ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు.

మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15న మొదలయ్యాయి. కండక్టరు ఇచ్చే జీరో టికెట్‌ను చాలామంది అక్కడే పారేస్తారు. ఆ చీటీ ఆధారంగానే సంస్థకు ప్రభుత్వం ఎంత చెల్లించాలో లెక్క తేలుతుంది, అందుకే దాన్ని అడిగి తీసుకోవాలి. పథకం మంచిదే. కూరగాయల గంపతో సంతకు వెళ్లే ఆడమనిషికి రోజుకు మిగిలే బస్సు ఛార్జీ ఇంటి ఖర్చులో చిన్నది కాదు. అయితే ఆ చెల్లింపు ఆలస్యమైతే కొత్త బస్సులు కొనడం ఆగిపోతుంది, పాత బస్సులోనే నిలబడి వెళ్లాల్సి వస్తుంది.

రైల్వే పనులకు కూడా రాష్ట్రం డబ్బు ఇస్తుందా?

రైల్వే కేంద్రం చేతిలోనిదే అయినా చాలా పనుల్లో రాష్ట్రం వాటా ఉంటుంది. లెవల్ క్రాసింగుల మీద కట్టే వంతెనల ఖర్చును మామూలుగా సగం సగం పంచుకుంటారు. హైదరాబాద్ స్థానిక రైళ్ల వ్యవస్థ ఎంఎంటీఎస్ రెండో దశలో మూడింట రెండు వంతులు రాష్ట్రానివి. నడికుడి-శ్రీకాళహస్తి లైనుకు సగం ఖర్చుతో పాటు భూమిని కూడా ఇవ్వడానికి రాష్ట్రం ఒప్పుకుంది.

మా రోడ్డు గురించి ఎవరిని, ఏమని అడగాలి?

జాతీయ రహదారి అయితే 1033 నంబరుకు ఫోన్ చేయండి. గ్రామ సడక్ యోజన రోడ్డు అయితే మేరీ సడక్ యాప్‌లో ఫోటో పెట్టవచ్చు. మిగిలిన రోడ్లకు సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, తెలంగాణలోనైతే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

అర్జీలో గుంతలు పూడ్చమని మాత్రమే రాస్తే, పూడ్చామని జవాబు వస్తుంది. అంతకన్నా సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. కిలోమీటరు రాయి మీది సంఖ్య రాసి, ఆ రోడ్డుకు చివరిసారి పై పొర ఎప్పుడు వేశారో, కాంట్రాక్టరు పూచీ గడువు ఏ తేదీన ముగుస్తుందో, గత మూడేళ్లలో 3054 పద్దు కింద ఏటా ఎంత ఖర్చు పెట్టారో అడగండి. ఎం-బుక్ నకలు కూడా కోరండి. పూచీ గడువు ఇంకా మిగిలి ఉంటే ఆ గుంతను ప్రభుత్వం ఖర్చు లేకుండా కాంట్రాక్టరే పూడ్చాలి కాబట్టి, ఆ తేదీ దాటిపోకముందే దరఖాస్తు చేరేలా చూసుకోండి.